తాతగారి పంచె గుడ్డలో దిబ్బమట్టి

మొన్న గుడివాడలో చల్లపల్లి బస్సెక్కి దగ్గరవాళ్ళింట్లో పెళ్ళికి వెళ్తుంటే, మొవ్వలో ఒకావిడ ఎక్కి నా పక్క సీట్లో కూర్చుంది. ఒళ్ళో బుట్ట ఉంది. అందులో టిఫిన్ డబ్బా, మందుల చీటీ, ఒకటో రెండో కొబ్బరికాయలు, వాటి మధ్య పాలిథిన్ సంచిలో నల్లటి చేను మట్టి. సంచి మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఎవరిదో పేరూ ఇంటిపేరూ రాసి ఉన్నాయి. మట్టి పరీక్షకివ్వడానికి తీసుకెళ్తున్నాననీ, ఫలితం ఫోనుకే వచ్చేస్తుందనీ, పేరు తన భర్తదనీ నేను అడక్కుండానే చెప్పింది. ఆ ఎర్ర అక్షరాలు చూడగానే నా ఎడమ భుజం సలపడం మొదలుపెట్టింది. ఆ భుజానికి చలికాలంలో సలపడం అలవాటే గాని, ఎర్ర అక్షరాలు చూసి సలపడం చాలా ఏళ్ళ తర్వాత ఇదే మొదటిసారి. పేరు రాసిన మట్టి మూట ఒకప్పుడు మా ప్రాంతంలో ఎంత పని చేసిందో, ఉప్పెన చూసిన నా వయసువాళ్ళకి చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మాది నాగాయలంకకు దిగువన, సముద్రం వైపు పోయే కరకట్ట పక్కనున్న ఊరు. ఊరి పేరు రాయను, ఆ ఊరివాళ్ళ పిల్లలు ఇప్పుడు చదువుకుని నాలుగు చోట్ల మర్యాదగా బతుకుతున్నారు. మా తాతగారి రోజుల్లో అక్కడ కంటికి ఆనినంత మేర మాదేనని చెప్పుకునేవారు. నాకు ఊహ తెలిసేసరికి అందులో చాలా భాగం కోర్టు వ్యాజ్యాల్లో కరిగిపోయింది. కరగనిది మా ఇంటి నడక ఒక్కటే. మా వంశంలో ఎవరూ వంగి నడవలేదు, నేనూ నడవను. గుడివాడలో రెండు గదుల అద్దె వాటాలో ఉంటున్నా, వీధిలో ఎదురైనవాళ్ళు ఇప్పటికీ పక్కకు తొలగి దారిస్తారు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ నడకకు ఈ జ్ఞాపకంలో పని ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నవాణ్ణి. తాడిచెట్టంత నీళ్ళొచ్చాయని అందరూ చెప్పేదే. నేను చూసింది మాత్రం నీళ్ళ లాగా లేదు, నల్లటి గోడ ఒకటి నడిచొచ్చి మా గొడ్ల చావిడిని గొడ్లతో సహా నమిలి ఊసేసినట్టుంది. మా వీధిలో పడవ నడిపే ఒకాయన ఉండేవాడు, ఊరందరికీ పడవ మావయ్య. ఆయన నన్ను తన పడవ తాడుతో తాడిచెట్టుకు బిగించి కట్టాడు. పక్క చెట్టుకు తన సొంత కూతుర్ని కట్టాడు. ఆ రెండో చెట్టు విరిగింది. నా పొట్ట మీద ఆ తాడు కోసిన గీత ఈనాటికీ ఉంది. ఆ తర్వాత పాలకాయతిప్ప ఇసకలో చెవి కమ్మల్ని బట్టీ, రవిక కుట్టును బట్టీ ఎవరు ఎవరో పోల్చుకోవాల్సి వచ్చింది. చేతులు లేని వాళ్ళని, ముఖాలు లేని వాళ్ళని చూశాను. మనుషుల్నీ గేదెల్నీ ఒకే గోతిలో పూడ్చడం చూశాను. అలాంటివి చిన్నతనంలో చూసిన మనుషులు ఆ తర్వాత కోపం వస్తే ఎంత దూరం పోతారో, చూడనివాళ్ళు ఊహించలేరు.

ఊళ్ళో మిగిలిన ఎత్తు నేల మా పొలాల చివరి దిబ్బ ఒక్కటే. దాని మీద తాతగారి కాలం నాటి గోడౌను ఉండేది. చీడకీ, ఎలుకలకీ వాడే తెల్ల పొడి బస్తాలు అందులో వేసేవారు. ఉప్పెనకు గోడలు కూలి, బస్తాలు పగిలి, పొడంతా దిబ్బ మట్టిలో కలిసిపోయింది. శవాలు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో బస్తాల సంగతి ఎవరికి పట్టింది? బతికి బయటపడ్డ కుటుంబాలు ఎత్తు నేల కావాలని వచ్చి అరుగు ముందు నిలబడితే, తాతగారు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా దిబ్బ మొత్తం ఇచ్చేశారు. మా ఇంటి చివరి దానం అది. మరి కొన్నాళ్ళకే ఆయన పోయారు. ఆ దిబ్బలో ఏముందో తెలిసే ఇచ్చాడని ఎవరైనా అంటే ఈ వయసులో కూడా కలబడడానికి నేను సిద్ధం. పైగా ఆ దిబ్బ మీద తవ్విన బావిలో నీళ్ళు తియ్యగా ఉండేవి. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పే తగులుతుంటే, మా తాతగారి దిబ్బ మీది నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయని జనం చెప్పుకుంటుంటే, మా అమ్మ కిటికీ పక్కన నిలబడి వినేది.

నేను బందరులో చదువు ముగించేనాటికి ఇంట్లో చూపించుకోవడానికి తలుపుల నగిషీ తప్ప ఏమీ లేదు. ఆ రోజుల్లో బందరులో ఒక డాక్టరమ్మ గారు, నేల మంచి చెడ్డలకీ మనుషుల జబ్బులకీ ఉన్న సంబంధం మీద పరిశోధన మొదలుపెట్టారు. తన దగ్గరికొచ్చే రోగుల్లో మా దిబ్బవాళ్ళను ఆవిడ గుర్తుపట్టేసేవారట. ఒంటి మీద వానచినుకులు పడ్డట్టు మచ్చలు, అరచేతుల్లో గట్టి పొక్కులు, గోళ్ళ మీద అడ్డంగా తెల్లటి గీతలు. ఊళ్ళో వాటిని ఉప్పుగాలి మచ్చలనేవారు. పిల్లలు గోడ గీరి మట్టి తినడం, కడుపుతో ఉన్నవాళ్ళు తొలకరి వాసనకు ఆగలేక చిటికెడు నోట్లో వేసుకోవడం మన వైపు వింతేమీ కాదు గనక, తినే మట్టిలోనూ తాగే నీళ్ళలోనూ ఏదో ఉందని ఆవిడ అనుమానం. ఆ ఏదో ఎలుకల మందులో ఉండే పాషాణం కావచ్చునని నాతో ఒక్కడితోనే అన్నారు. మా ఊరివాణ్ణని నన్ను సహాయకుడిగా తీసుకున్నారు. మా బంధువుల్లో బావ వరసాయన ఒకడు నలుగురిలో నవ్వుతూ, "ఏరా, తాతగారు పంచిపెట్టిన నేల నువ్వు సంచుల్లో ఏరుకొస్తున్నావటగా" అన్నాడు. మా ఇంటి దానంలో విషం ఉంటే ఆ మాట ముందుగా చెప్పాల్సింది మా ఇంటివాడేనని నాకు తెలుసు.

పని ఇలా ఉండేది. ప్రతి ఇంటి గుమ్మం కింద, పిల్లలు కూర్చుని ఆడుకునే చోట, జానెడు లోతున మట్టి తీయాలి. ఆ ఇంట్లో చిన్నపిల్లవాడి జుట్టు కొంచెం, గోళ్ళ ముక్కలు కొన్ని కత్తిరించి చిన్న పొట్లం కట్టాలి. ఒంట్లోకి పోయిన పాషాణం జుట్టులోనూ గోళ్ళలోనూ దాక్కుంటుందట. ఒక ఇంటి మట్టి మరో ఇంటి జుట్టుతో కలిసిపోకుండా పొట్లాన్ని మట్టి సంచికే ముడివేసి, దాని మీద పిల్లవాడి పేరూ, తండ్రి పేరూ చెరగని సిరాతో రాయాలి. ఆ సిరా ఎర్రటిదే దొరికింది. పాలిథిన్‌లో మట్టికి చెమట పడుతుందని డాక్టరమ్మ గారు గుడ్డ సంచులే కావాలన్నారు. పైనుంచి రావలసిన సంచులు ఎంతకీ రాకపోతే, మా అమ్మ భోషాణం తెరిచి తాతగారి జరీ అంచు పంచెలు బయటికి తీసి, కత్తిరించి కుట్టి ఇచ్చింది. చిల్లిగవ్వ లేని ఇంట్లోంచి ఆ పరిశోధనకు ఇవ్వగలిగింది అదేనని, మరీ పాత గుడ్డ ఇస్తే మన పరువేం కావాలని, మంచి పంచెలే ఏరింది. మట్టి నీడన ఆరాలి, ఎలుకలు ముట్టకూడదు. అందుకని తుఫాను షెల్టరు గదిలో దూలానికి వరసగా ఆ మూటలు వేలాడదీశాం.

జుట్టూ గోళ్ళూ తీసిపెట్టింది మంత్రసాని మామ్మ. నాతో సహా ఆ ఊళ్ళో పుట్టిన ప్రాణాలన్నీ మొదట పడింది ఆవిడ చేతుల్లోనే కాబట్టి పిల్లలు ఆవిడ దగ్గర బెదిరేవారు కాదు. ఒంటరి మనిషి, నోట్లో ఎప్పుడూ చుట్ట, నోరు విప్పితే బూతు. నన్ను అందరూ చినబాబుగారు అంటుంటే ఆవిడ మాత్రం, "ఊరందరి మొలలూ చూసినదాన్ని, నాకెవడ్రా బాబుగారు?" అని నవ్వేది. ఆ నవ్వులో ముందు పళ్ళు తెల్లగా, పెద్దగా, వరసగా కనిపించేవి. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క అందం అదేనని మా అమ్మ అనేది.

ఒకరోజు ఉదయం డాక్టరమ్మ గారూ నేనూ జీపులో వెళ్ళేసరికి కరకట్ట మీదికే అరుపులు వినిపించాయి. పడవ మావయ్య మనవడు, మూడేళ్ళవాడు, వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఆ తెల్లవారే పోయాడు. పాడె కర్రల కోసం షెల్టరు గదిలోకి వెళ్ళినవాళ్ళకి దూలం నుంచి వేలాడుతున్న తెల్లటి మూటలు కనిపించాయి. గుమ్మం కింద మట్టి, పసిపిల్లల జుట్టు, గోళ్ళు, ఎర్రటి రాత, పేర్లు. గుడ్డ చూస్తే చచ్చిపోయిన మనిషిది. ఇంతకంటే ఏం కావాలి? చేతబడి చేసేవాడు ఏమేం పోగుచేస్తాడని మన వైపు చెప్పుకుంటారో, అవన్నీ మేం ఒక్కటి కూడా మరిచిపోకుండా పోగుచేసి, ముడులు వేసి, చక్కగా పేర్లు రాసి ఉంచాం. అంత చదువుకున్న డాక్టరమ్మ గారికి ఆ ఆలోచన రాలేదు, ఆ నేలలో పుట్టిన నాకూ రాలేదు.

మేం చేరేసరికి మంత్రసాని మామ్మను వలలు ఆరేసే గుంజకు కట్టేశారు. చీర సగం ఊడిపోయి ఉంది. పోయిన పిల్లవాడి తండ్రి, అంటే పడవ మావయ్య కొడుకు, వల అడుగున కట్టే రాతిగుండు చేత్తో పట్టుకుని ఊగిపోతున్నాడు. "మా ఓడి జుట్టు మూటగట్టి ఏలాడదీసిందిరా ముండ!" అని ఆడవాళ్ళు మట్టి ఎత్తి ఆవిడ మీద పోస్తున్నారు. "పెదబాబుగారి జరీ పంచెరా ఇది, దిబ్బ ఎనక్కి లాక్కోటానికి సచ్చినోడి గుడ్డలో కట్టారు" అని ఒకడు మూట ఎత్తి చూపించాడు. ఆ మాటకి జనం మొత్తం నా వైపు తిరిగింది. అయినా వెంటనే నా మీదికి రాలేదు. పడిపోయిన ఇంటివాణ్ణయినా, నన్ను కొట్టడానికి వాళ్ళకింకా కొంచెం జంకుంది. ఆ జంకు కోపం కూడా కలిసి మామ్మ మీదికే పోయింది.

ఆవిడ మాత్రం తగ్గలేదు. "ఒరే, నువ్వు కాళ్ళతో ఎదురొత్తే నిన్ను తిప్పి లాగిన చేతుల్రా ఇయ్యి, కట్టరా, ఇంకా బిగించి కట్టు" అని ఆ కొడుకు ముఖాన ఉమ్మేసింది. పళ్ళు రాలగొడితే మంత్రం పలకదని మన వైపు నమ్మకం. వాడు రాతిగుండు ఎత్తాడు. ఆ చప్పుడు నేను రాయలేను. ఎండు కొబ్బరి పగిలినట్టు అని రాద్దామనుకున్నాను గాని అలా లేదు, తడిగా ఉంది. ఆవిడ గడ్డం నుంచి నెత్తురు ధారగా కారి గుంజ మొదట్లో పడింది. రెండో దెబ్బకి అరుపు కూడా సరిగా రాలేదు. అవతల జీపుకు ఎవరో నిప్పు పెట్టారు. డ్రైవరు డాక్టరమ్మ గారిని చెయ్యి పట్టి కరకట్ట దింపి పక్క ఊరి వైపు లాక్కెళ్ళాడు. బావి నీళ్ళు పట్టడానికి జీపులో తెచ్చిన గాజు సీసాలు పగులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మామ్మకు అడ్డంగా నిలబడ్డాను. పడవ మావయ్య తెడ్డెత్తి నా భుజం మీద కొట్టాడు. ఉప్పెనలో నన్ను చెట్టుకు కట్టిన చేతులే అవి. ఎముక విరిగిన చప్పుడు నాకు లోపలి నుంచి వినిపించింది. మోకాళ్ళ మీద పడ్డాను. మా వంశంలో ఆ నేల మీద మోకాలు మోపినవాణ్ణి నేనే మొదట. ఆయన మళ్ళీ తెడ్డెత్తాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా చెయ్యి తడబడటం లేదు. ఆవిణ్ణి చంపేస్తారని, తర్వాత నన్ను చంపుతారని నాకు తెలిసిపోయింది.

ఇక్కడ ఒక పాత ఆచారం చెప్పాలి. మా వైపు గట్టు తగాదాలు ఎంతకీ తెగకపోతే, నేల నాదన్నవాడు ఆ తగాదా నేల మీది మట్టి పిడికెడు నమిలి మింగాలి. అబద్ధమైతే మూడు పక్షాల్లో ఆ ఇంట దీపం ఆరిపోతుందని నమ్మకం. మింగి నిలబడ్డవాడి మాట మీద ఇక ఎవరూ మాట్లాడకూడదు. అరుగు మీద కూర్చుని ఆ పిడికెడు మట్టి అందించే హక్కు మా ఇంటిది. తాతగారు ఎందరి చేతనో తినిపించారు గాని, మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ తినలేదు. మా మాటకి ప్రమాణం అక్కర్లేదని మా లెక్క.

నా చేతికందినంత దూరంలో ఆ చనిపోయిన పిల్లవాడి మూటే పడి ఉంది. జరీ అంచు మీద వాడి పేరు ఎర్రగా ఉంది. బాగున్న చేత్తో, పళ్ళతో ముడి విప్పి, జుట్టు పొట్లం తీసి, ఎదురుగా నిలబడ్డ వాడి నాయనమ్మ వైపు పెట్టి, మట్టి పిడికిట్లోకి తీసుకున్నాను. ఇందులో చేతబడి ఉంటే ముందు నన్ను పట్టనీ, మా ఇంటి దీపమే ఆరనీ, అని గట్టిగా అని నోట్లో వేసుకున్నాను. డాక్టరమ్మ గారికి ఆ మట్టి మీద ఉన్న అనుమానం ఆ క్షణంలో నాకు గుర్తులేదని అనను. బాగా గుర్తుంది. ఉప్పగా, చేప పొలుసు వాసనతో, పళ్ళ మధ్య కరకరలాడుతూ, పడ్డప్పుడు తెగిన పెదవి నెత్తురుతో కలిసి గొంతు దిగనంది. నమిలాను. రెండోసారి పిడికిలి నింపాను. జనం కదలడం మానేశారు. పడవ మావయ్య తెడ్డు కింద పడేశాడు. ఎవరో ముసలాయన, "చినబాబుగారు తిన్నాడ్రా, ఇప్పండి, మూడు పక్షాలు చూద్దాం" అన్నాడు. మామ్మ కట్లు విప్పారు. ఆవిడ నేల మీద వెతుక్కుని తన పళ్ళు ఏరుకుని కొంగున ముడివేసుకుంది.

బందరు ఆసుపత్రిలో నా భుజం సరిగా అతుక్కోలేదు. కడుపులో నొప్పితో మెలికలు తిరిగాను గాని చావలేదు. మూడు పక్షాలూ గడిచాయి. చిరగకుండా మిగిలిన మూటల్నీ, బావి నీళ్ళనీ పరీక్షించారు. దిబ్బ మట్టిలోనూ, బావి నీళ్ళలోనూ, పిల్లల గోళ్ళలోనూ పాషాణమే. ఎక్కువ ఉన్నది పాత గోడౌను ఉన్న చోట. డాక్టరమ్మ గారు ఆ సంగతి చెప్పి, వాళ్ళను దిబ్బ దించడానికి పోలీసులతో వెళ్తే రాళ్ళు పడ్డాయి, లాఠీలు లేచాయి, ఆడవాళ్ళ తలలు పగిలాయి. ఎవరు ఎంత చెప్పినా వాళ్ళది ఒకటే మాట. "చినబాబుగారు తిన్నారు. బతికే ఉన్నారుగా."

అప్పుడు నేనొక్కణ్ణే వెళ్ళాను. పడవ మావయ్య తన ఇంటి ముందు చాప పరిచి, కాళ్ళకు నీళ్ళిచ్చి, దిబ్బ మీద అందరినీ పిలిచి నిలబెట్టాడు. తాతగారు పోయాక ఆ ఊళ్ళో మా ఇంటికి దక్కిన మొదటి మర్యాద అది. ఆ మర్యాద మధ్య నిలబడి, మా తాతగారు మీకిచ్చింది విషమని, నేను మింగింది మీరు రోజూ కొంచెం కొంచెంగా మింగుతున్నారని, దిగిపొమ్మని చెప్పాను. నా జీవితంలో అంత బరువైన మాట మళ్ళీ చెప్పలేదు. వాళ్ళు జాలిగా విన్నారు. "దేవుడిలాంటి ఆ పెద్దాయన్ని మీ నోటితో అనమాకండి బాబూ" అన్నాడు పడవ మావయ్య. "తిన్నది మీరు, పోయింది మావోడు. ఆడి రాత. మట్టిదేముంది?" చేతబడి కాదని చేసిన ప్రమాణాన్ని వాళ్ళు మట్టి మంచిదనడానికి సాక్ష్యంగా పట్టుకున్నారు. నా మాట మీద ఇక ఎవరూ మాట్లాడకూడదు గదా, చివరికి నేను కూడా.

దిబ్బ దిగి వస్తుంటే మంత్రసాని మామ్మ తన గుడిసె ముందు కూర్చుని ఉంది. పెదవులు లోపలికి పోయి ముఖం వేరే ఎవరిదో అయిపోయింది. నన్ను ఆపి, "నువ్వు తింది నా కోసంరా బాబూ, మట్టి కోసం కాదు. ఆళ్ళకి రెండూ ఒకటే అయిపోయినియ్యి" అంది. మర్నాటికల్లా కుండా, చాపా, బొడ్డు కోసే కత్తీ తీసుకుని దిబ్బ దిగి, కాలవ గట్టు కింద ఉప్పు నేలలో పాక వేసుకుంది. తాగే నీళ్ళు దూరం నుంచి మోసుకొచ్చుకునేది. ఎవరు పిలిచినా దిబ్బ ఎక్కనని చెప్పేసింది.

ఆ వానాకాలం నేను మందులివ్వడానికి ఆ పాకలో ఉండగానే, పగటిపూట జోరువానలో, పడవ మావయ్య కొడుకు నిండు చూలాలైన తన భార్యను నులకమంచం మీద మోయించుకుంటూ వచ్చాడు. ఆ అమ్మాయి అప్పటికే స్పృహ తప్పుతోంది, మంచం కింద నుంచి వాననీళ్ళతో కలిసి నెత్తురు కారుతోంది. నాగాయలంక దారి మునిగిపోయింది. మామ్మ గుమ్మంలోనే నిలబడి చుట్ట వెలిగించుకుంది.

"ఏరా, పళ్ళు రాలగొడితే మంత్రం పలకదన్నావుగా. ఇప్పుడు ఏం మంత్రానికొచ్చావు?"

వాడు బురదలో పడి ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ కాలితో వాడి గడ్డం పైకెత్తింది.

"పోత్తాను పురుడు. కానీ బిడ్డని మళ్ళీ దిబ్బెక్కించావంటే ఈసారి నేను మింగుతాను మట్టి. నీ పేరు చెప్పి మింగుతాను, ఆరేది నీ ఇంటి దీపం. ఊఁ అను."

వాడు ఊఁ అన్నాడు. నన్ను బయటికి పొమ్మని తడిక వేసేసింది. ఆ అరుపులు ఉప్పెన రోజు విన్న అరుపుల్లాగే ఉన్నాయి. చీకటి పడేలోగా ఆడపిల్ల పుట్టింది. తల్లి కూడా బతికింది. వాడు మాట తప్పలేదు, తప్పే ధైర్యం లేదు. మామ్మ పాక పక్కనే పాక వేశాడు. ఆ తర్వాత పురుటి నొప్పులు వచ్చిన ప్రతి ఇల్లాలూ మంచం మీద దిగి రావడమే, ఆ ఇంటి మగవాడు అదే మాటకి ఊఁ కొట్టడమే. అలా ఒక్కొక్క పురుడికీ ఒక్కొక్క కుటుంబం దిబ్బ దిగింది. కింద జనం పెరిగాక కుళాయి గొట్టం కూడా వచ్చింది. డాక్టరమ్మ గారి నివేదికలో మాత్రం కుటుంబాలు స్వచ్ఛందంగా తరలినట్టు రాసి ఉంది. అది చదివినప్పుడు నాకు రాతిగుండూ, మంచం కింద కారిన నెత్తురూ, మామ్మ కాలి వేలూ కళ్ళ ముందు తిరిగి, చాలాసేపు ఒంటరిగా నవ్వుకున్నాను.

దిగనిది పడవ మావయ్య ఒక్కడే. పెదబాబుగారిచ్చిన చోటు విడవనన్నాడు. చివరిరోజుల్లో చూడబోతే అరచేతులు తాబేటి డిప్పల్లా గట్టిపడి మడవడానికి రావడం లేదు. నా భుజం మీద ఆ చెయ్యి ఆనించి, ఇంకా నొప్పుందా అని అడిగాడు. ఉందన్నాను. "ఒకపాలి బతికిచ్చాను, ఒకపాలి ఇరగ్గొట్టాను. సరికి సరి బాబూ" అని నవ్వాడు. ఆయన కూతురి చెట్టు సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఆ రోజూ మాట్లాడుకోలేదు. మామ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, కింది నేలలోనే పోయింది. కొంగున ముడివేసుకున్న పళ్ళను ఆవిడతోనే పూడ్చారని విన్నాను. ఇప్పుడు దిబ్బ నిండా సర్కారు తుమ్మ మొలిచి ఉంది. అక్కడ ఎవరూ అడుగుపెట్టరు. ఎందుకు పెట్టకూడదో మాత్రం అడిగితే, ఎవరో మంత్రసాని శాపం పెట్టిందట అంటారు.

ఇదంతా తలుచుకుంటూ ఆ సంచి వైపే చూస్తుంటే, బస్సులో ఆవిడ, "మట్టి సంగతి మీకు తెలుసా తాతగారూ?" అంది. "రుచి చూసినవాణ్ణమ్మా" అన్నాను. హాస్యమనుకుని హాయిగా నవ్వింది. చల్లపల్లి రాకముందే ఏదో స్టేజీలో ఫోను మాట్లాడుతూ దిగిపోయింది. సంచి సీటు మీదే ఉండిపోయింది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి సంచి చూపించి కేకేశాను. ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపి, "పోన్లెండి తాతగారూ, మళ్ళీ తీస్తాం, మట్టే గదా!" అని అరిచింది.

ఆవిడ తప్పేమీ లేదు. భర్త పేరు రాసిన మట్టిని బస్సులో వదిలేసి నవ్వుకుంటూ పోగలిగే రోజు రావాలనే గదా డాక్టరమ్మ గారు ఊరూరా తిరిగింది, మామ్మ నెత్తురు కక్కింది. ఇప్పుడు మట్టి మూట చూసి ఎవరూ తెడ్డెత్తరు, అది మంచిదే. పిడికెడు మింగి నిలబడితే ఎవరూ మాటకి కట్టుబడరు కూడా. అడగడానికి మా అరుగు లేదు, తినడానికి అంత పట్టున్న మనుషులూ లేరు. చల్లపల్లిలో దిగేటప్పుడు ఆ సంచిని సీటు మీద వదిలెయ్యడం నా వల్ల కాలేదు. ఎవరిదో పేరున్న మట్టి చేత్తో పట్టుకునే, నిటారుగానే నడిచి, పెళ్ళి పందిట్లోకి వెళ్ళాను. చేతిలో ఏమిటని ఎవరూ అడగలేదు.